ఊరు వదిలి వెళ్ళినవారి ఓటు ఎక్కడ ఉండాలి, ఎలా మార్చుకోవాలి

ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు మెట్ట గ్రామాల్లో సంక్రాంతికి నాలుగు రోజులు తెరుచుకుని, కనుమ దాటగానే మళ్ళీ తాళం పడే ఇళ్ళు చాలా వీధుల్లో కనిపిస్తాయి. ఆ ఇంటివారు హైదరాబాదులోనో బెంగళూరులోనో చెన్నైలోనో ఏళ్ళ తరబడి బతుకుతుంటారు గానీ, వారి పేర్లు మాత్రం ఊరి బడిలోని పోలింగ్ కేంద్రం జాబితాలో చెక్కుచెదరకుండా ఉంటాయి. నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో కొన్నేళ్ళపాటు బూత్ స్థాయి అధికారి పని కూడా చేశాను. ఇంటింటికీ తిరిగే ఆ రోజుల్లో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "అయ్యోరా, మావోడి ఓటు ఈడే ఉంచుకోవచ్చా, తీసేస్తారా?" దానికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే ఆ "మావోడు" ఎందుకు వెళ్ళాడు, ఎంతకాలానికి వెళ్ళాడు, తిరిగి రావాలనుకుంటున్నాడా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఇతర ప్రాంతాలకు వెళ్ళినవారు తమ సంగతి తామే తేల్చుకుని, అవసరమైతే ఓటును కొత్త చోటికి మార్చుకునే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా రెండు విషయాలను విడివిడిగా చూడాలి. ఓటు హక్కు పౌరసత్వంతోనూ వయసుతోనూ వస్తుంది. రాజ్యాంగంలోని 326వ అధికరణం ఈ హక్కును ఇచ్చింది, 61వ సవరణ 1989 నుంచి వయసును 21 నుంచి 18 ఏళ్ళకు తగ్గించింది. ఏ నియోజకవర్గంలో ఓటు వేయాలన్నది మాత్రం నివాసాన్ని బట్టి తేలుతుంది. అందుచేత ఊరు మారినంత మాత్రాన ఓటు హక్కు ఎవరికీ పోదు. మారేది ఓటు వేసే చోటే. దేశంలో ఏ రాష్ట్రానికి వెళ్ళి స్థిరపడినా అక్కడి జాబితాలో చేరే హక్కు పౌరులందరికీ ఉంది. అందుకు అక్కడి భాష రావాలనీ, అక్కడ పుట్టి ఉండాలనీ, సొంత ఇల్లు ఉండాలనీ ఏ నిబంధనా లేదు.

సాధారణ నివాసి అంటే ఎవరు

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, అర్హతా తేదీ (వయసు లెక్కించడానికి పెట్టిన తేదీ) నాటికి 18 ఏళ్ళు నిండి, ఆ నియోజకవర్గంలో "సాధారణ నివాసి" అయిన వ్యక్తి పేరు అక్కడి జాబితాలో చేరుతుంది. సాధారణ నివాసి అనే మాటకు అర్థం 20వ సెక్షన్‌లో ఉంది. మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కనుక దీనిని కాస్త నిదానంగా చూద్దాం.

ఆ సెక్షన్ మొదటి వాక్యమే ఒక అపోహను తీసేస్తుంది. ఒక నియోజకవర్గంలో ఇల్లు ఉన్నంత మాత్రాన, లేదా అది స్వాధీనంలో ఉన్నంత మాత్రాన, ఎవరూ అక్కడి సాధారణ నివాసి అయిపోరని అది స్పష్టంగా చెబుతుంది. "తాతల నాటి ఇల్లు ఉంది, రెండెకరాల మాగాణి ఉంది, పట్టాదారు పాసుపుస్తకం ఉంది, కాబట్టి ఓటు ఇక్కడే" అన్న వాదన చట్టం ముందు నిలవదు. ఆ వెంటనే వచ్చే ఉపసెక్షన్ 20(1ఏ) రెండో వైపు నుంచి రక్షణ ఇస్తుంది: తాను మామూలుగా ఉండే చోటు నుంచి తాత్కాలికంగా దూరంగా ఉన్నంత మాత్రాన ఎవరూ అక్కడి సాధారణ నివాసి కాకుండా పోరు. ఈ రెండు వాక్యాల నడుమ ఎవరి పరిస్థితి ఎటు మొగ్గుతుందో చూసుకోవడమే మనం చేయవలసిన పని. ఆరు నెలలు ఉండాలని ఒకరూ, ఏడాది ఉండాలని మరొకరూ చెబుతుంటారు గానీ, చట్టం రోజుల లెక్క ఏదీ పెట్టలేదు. సందేహం వస్తే ఆ వ్యక్తికి సంబంధించిన అన్ని వాస్తవాలనూ చూసి ఎన్నికల నమోదు అధికారి నిర్ణయిస్తారు.

మిరపకాయల కోతలకు గుంటూరు వైపు వెళ్ళి రెండు నెలలకు తిరిగి వచ్చే కూలీలు, ఇటుక బట్టీల్లో ఒక సీజను పనిచేసి వచ్చేవారు, వేరే రేవుల్లో పడవల మీద పనికి కుదిరి కొన్ని నెలలు అక్కడే ఉండే మత్స్యకారులు తాత్కాలికంగా దూరంగా ఉన్నవారే. వారి ఓటు సొంత ఊళ్ళోనే ఉండాలి, దానిని ఎవరూ ప్రశ్నించడానికి లేదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, భార్యాపిల్లలతో అక్కడే కాపురం పెట్టి, పిల్లలను అక్కడి బళ్ళలో చదివిస్తూ, పండుగకో పెళ్ళికో మాత్రమే ఊరికి వచ్చే వ్యక్తి పరిస్థితి అది కాదు. ఆయన సాధారణ నివాసం హైదరాబాదే, ఓటు కూడా అక్కడే ఉండడం చట్టానికి అనుగుణం. ఈ రెంటికీ మధ్యన ఉండేవారు కూడా ఉన్నారు. భర్త బెంగళూరులో తాపీ పని చేస్తుంటాడు, భార్య, తల్లిదండ్రులు, గేదెలు, సేద్యం అన్నీ వింజమూరు దగ్గర పల్లెలో ఉంటాయి, అతను రెండు నెలలకోసారి వచ్చి వారం ఉండి వెళ్తుంటాడు. ఇటువంటి వ్యక్తి ఇల్లూ సంసారమూ పల్లెలోనే ఉన్నాయి కనుక, అతని ఓటు అక్కడే ఉండడం సబబని నా అభిప్రాయం. నేను జాబితా సరిచూసే రోజుల్లోనూ అలాగే రాసేవాణ్ణి.

హాస్టల్లో ఉండి చదువుకునే విద్యార్థులకు ఎన్నికల సంఘం ఎంపిక చేసుకునే వీలు ఇచ్చింది. గుర్తింపు ఉన్న సంస్థలో కనీసం ఏడాది కాలపు కోర్సు చదువుతున్నవారు తల్లిదండ్రుల ఊళ్ళోనే ఓటు ఉంచుకోవచ్చు, లేదా సంస్థ అధిపతి ఇచ్చే ధ్రువపత్రం జతచేసి హాస్టల్ చిరునామాతో చదువుకునే చోట నమోదు కావచ్చు. రెండు చోట్లా ఉంచుకోవడం మాత్రం కుదరదు.

పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన అమ్మాయిల సంగతి వేరు. ఒంగోలులో పుట్టి కావలిలో కాపురం ఉంటున్న అమ్మాయి సాధారణ నివాసి కావలిలోనే, ఇందులో సందేహానికి తావు లేదు. అయినా ఓటరు జాబితాల్లో ఎక్కువ ఆలస్యం జరిగేది ఇక్కడే. పుట్టింటి జాబితాలో ఆమె పేరు ఏళ్ళ తరబడి తండ్రి పేరు పక్కనే ఉండిపోతుంది.

ప్రాజెక్టు కింద ఊరే మునిగిపోయి తరలివెళ్ళే కుటుంబాలకు మరో రకం చిక్కు ఉంటుంది. వెలిగొండ ప్రాజెక్టు ముంపు గ్రామాలైన సుంకేసుల, గొట్టిపడియ వంటి చోట్ల కుటుంబాలన్నీ ఒకే పునరావాస కాలనీకి వెళ్ళకపోవచ్చు. పరిహారం తీసుకుని కొందరు మార్కాపురం పట్టణంలో, కొందరు బంధువుల ఊళ్ళలో ఇళ్ళు కట్టుకుంటారు. ఊరంతా కదిలింది కనుక ఓట్లన్నీ ప్రభుత్వమే మార్చేస్తుందని కూర్చోకుండా, ఎవరికి వారు కొత్త చిరునామాతో దరఖాస్తు పెట్టుకోవడమే మంచిది.

ఫారం-8 నింపే విధానం

ఇదివరకు నియోజకవర్గం మారితే ఫారం-6, అదే నియోజకవర్గంలో ఇల్లు మారితే ఫారం-8ఏ అని వేర్వేరుగా ఉండేవి. 2022 ఆగస్టు 1 నుంచి ఈ పద్ధతి మారింది. ఇప్పుడు ఫారం-6 జాబితాలో కొత్తగా చేరేవారికి మాత్రమే. ఇప్పటికే ఓటు ఉన్న వ్యక్తి వీధి మారినా, మండలం మారినా, రాష్ట్రం మారినా నింపవలసింది ఫారం-8 ఒక్కటే. ఈ తేడా తెలియక నగరానికి వెళ్ళి ఫారం-6 నింపినవారి వల్లనే ఒకే మనిషికి రెండు ఓట్లు పుడుతున్నాయి. ఫారం-6 చివర "నా పేరు మరే నియోజకవర్గం జాబితాలోనూ లేదు" అనే ప్రకటన ఉంటుంది. ఊళ్ళో ఓటు ఉంచుకుని దాని కింద సంతకం పెట్టడమంటే అబద్ధపు ప్రకటన ఇవ్వడమే. 31వ సెక్షన్ ప్రకారం దానికి ఏడాది వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నీరసపు ఫారమే కదా అని చదవకుండా సంతకం చేయవద్దని చెప్పడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కరలేదు.

దరఖాస్తు ఎప్పుడూ కొత్తగా వెళ్ళిన చోటి అధికారికే పెట్టాలి. పాత ఊరికి వచ్చి అక్కడ ఓటు తీయించుకుని, ఆ కాగితం పట్టుకుని కొత్త ఊరికి వెళ్ళనవసరం లేదు. పేరు తొలగించమని అడిగే ఫారం-7తో పని లేదు. కొత్త చోట ఫారం-8 ఆమోదం పొందాక పాత చోటి పేరును తొలగించే పని అధికారుల మధ్యనే జరిగిపోతుంది. కొందరు తొందరపడి ముందు పాత ఓటు తీయించుకుంటారు, ఆ తరువాత కొత్త చోట ఏదో పత్రం చాలక దరఖాస్తు తిరస్కరణకు గురై, ఎన్నికల నాటికి ఎక్కడా ఓటు లేక మిగిలిపోతారు.

ఇంటర్నెట్‌లో అయితే ఎన్నికల సంఘం ఓటరు సేవల పోర్టల్‌లో గానీ, మొబైల్ యాప్‌లో గానీ ఫోను నంబరుతో నమోదై, ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్ళాలి. ఫారం-8 తెరిచి, దరఖాస్తు మీకోసమా, కుటుంబంలో మరొకరి కోసమా అన్నది ఎంచుకుని, ఓటరు కార్డు నంబరు ఇస్తే పాత వివరాలు తెర మీదికి వస్తాయి. అక్కడ కనిపించేది మీ పేరూ మీ ఊరూ అవునో కాదో చూసుకున్నాక, "నివాసం మార్పు" అన్నది ఎంచుకుని, అదే నియోజకవర్గంలోనా, బయటికా అన్నది చెప్పాలి. తరువాత రాష్ట్రం, జిల్లా, నియోజకవర్గం, కొత్త చిరునామా నింపి, నివాస ధ్రువీకరణ పత్రం ఎక్కించి, ప్రకటన చదివి పంపితే ఒక రిఫరెన్సు నంబరు వస్తుంది. దానిని రాసి పెట్టుకోవాలి, దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి అదే ఆధారం. ఇంటర్నెట్ అలవాటు లేనివారు కాగితపు ఫారాన్ని కొత్త చోటి బూత్ స్థాయి అధికారికి గానీ, నమోదు అధికారి కార్యాలయంలో గానీ ఇచ్చి రసీదు అడిగి తీసుకోవచ్చు. 1950 నంబరుకు ఫోను చేస్తే ఆ అధికారి ఎవరో చెబుతారు. మనిషికి ఒక ఫారం చొప్పున నింపాలి; కుటుంబానికంతా కలిపి ఒకటి చాలదు.

నియోజకవర్గం పేరు ఎంచుకునే చోట ఆగి ఆలోచించాలి. నెల్లూరు పట్టణం 2008 పునర్విభజనతో సిటీ, రూరల్ అనే రెండు నియోజకవర్గాలుగా చీలింది. నగరపాలక సంస్థ పరిధిలోని కొన్ని ప్రాంతాలు రూరల్ నియోజకవర్గంలోకి వస్తాయి. ఆత్మకూరు నుంచో ఉదయగిరి నుంచో వచ్చి పట్టణంలో ఇల్లు కొన్నవారు "మేం ఉండేది టౌన్లోనే కదా" అని సిటీ అని నొక్కేస్తారు, దరఖాస్తు తప్పు బల్ల మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. పక్కింటివారి ఓటరు కార్డు మీద ఏ నియోజకవర్గం ఉందో చూసి నింపితే ఈ ఇబ్బంది రాదు.

నివాసానికి రుజువుగా నీరు, కరెంటు, గ్యాసు బిల్లుల్లో ఒకటి గానీ, ఆధార్ కార్డు, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, పాస్‌పోర్టు, రెవెన్యూ శాఖ భూమి రికార్డు, రిజిస్టరు చేసిన అద్దె ఒప్పందం, రిజిస్టరు చేసిన క్రయపత్రం వీటిలో ఏదైనా గానీ సరిపోతుంది. పత్రం మీ పేరున లేకపోయినా తల్లిదండ్రుల పేరునో, భార్య లేదా భర్త పేరునో ఉంటే చాలు. నగరంలో అద్దెకు ఉండేవారికి కష్టం వచ్చేది ఈ దశలోనే. ఇంటివాళ్ళు ఇచ్చే పదకొండు నెలల ఒప్పందం చాలావరకు రిజిస్టరు కాదు, కరెంటు బిల్లు ఇంటివారి పేరున ఉంటుంది, ఆధార్ మీద ఇంకా ఊరి చిరునామాయే ఉంటుంది. దీనికి తేలికైన దారి, ముందుగా బ్యాంకు పాసుపుస్తకంలోనో ఆధార్‌లోనో చిరునామా మార్పించుకుని, ఆ తరువాతే ఫారం-8 పెట్టడం. ఆ జాబితాలోని పత్రం ఒక్కటీ లేనివారు తమ దగ్గరున్న మరేదైనా ఆధారం జతచేయవచ్చు. అప్పుడు అధికారి స్వయంగా ఇంటికి వచ్చి చూసుకోవడం తప్పనిసరి అవుతుంది. ఆ వచ్చే మనిషికి ఇంట్లో ఎవరూ కనిపించకపోతే, పక్కింటివాళ్ళు "ఆ పేరు వాళ్ళెవరో మాకు తెలియదు" అంటే దరఖాస్తు పోయినట్లే. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పి ఉంచడం మంచిదని అనుభవంతో చెబుతున్నాను.

ఫారం-8లో నివాసం మార్పు, వివరాల సవరణ, కార్డు మళ్ళీ ఇప్పించుకోవడం, వైకల్యం నమోదు అనే నాలుగు పనుల్లో ఒక్కోసారి ఒక్కటే ఎంచుకోవాలి. కాబట్టి పెళ్ళయిన అమ్మాయి ముందు చిరునామా మార్పించుకుని, అది ఆమోదం పొందాక ఇంటిపేరు, తండ్రి పేరుకు బదులు భర్త పేరు వంటి సవరణలకు రెండో దరఖాస్తు పెట్టాలి. ఊరు మారినా ఓటరు కార్డు నంబరు మారదు, కొత్త చిరునామాతో కార్డు మాత్రం వస్తుంది.

ఎప్పటిలోగా పెట్టాలి

జాబితాలో మార్పులు ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటాయి. వయసుకు సంబంధించిన అర్హతా తేదీలు 2022 నుంచి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. చిరునామా మార్పుకు వీటి కోసం ఎదురుచూడనవసరం లేదు. ఎన్నికల ప్రకటన వచ్చాక కూడా దరఖాస్తులు తీసుకుంటారు గానీ, నామినేషన్ల చివరి గడువు దాటాక జాబితాలో ఏ పేరూ చేర్చడానికి, మార్చడానికి, తీయడానికి 23వ సెక్షన్ ఒప్పుకోదు. అభ్యంతరాలకు ఏడు రోజుల గడువు ఇవ్వాలి కనుక, నామినేషన్ల చివరి రోజుకు కనీసం పది రోజుల ముందు దరఖాస్తు అధికారి చేతిలో ఉండాలి. ఇది ఆఖరి హద్దు మాత్రమే. ఊరు మారి ఇల్లు కుదుటపడిన నెలలోనే ఈ పని చేసుకున్నవారికి ఏ హడావుడీ ఉండదు.

రెండు చోట్లా ఓటు ఉంటే

17వ సెక్షన్ ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల్లో నమోదును, 18వ సెక్షన్ ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు నమోదును నిషేధిస్తాయి. 2024లో తమిళనాడు ఏప్రిల్ 19న, బెంగళూరు ఏప్రిల్ 26న, మన రాష్ట్రమూ తెలంగాణా మే 13న ఓటు వేశాయి. చెన్నైలో ఒక ఓటు, నెల్లూరులో ఒక ఓటు ఉన్నవారికి తేదీలు కలిసొచ్చినట్లు అనిపించి ఉండవచ్చు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం, ఒకే సార్వత్రిక ఎన్నికలో ఒకే తరగతికి చెందిన రెండు నియోజకవర్గాల్లో ఓటు వేస్తే రెండు ఓట్లూ చెల్లవు. పార్టీలవాళ్ళు బస్సు పంపిస్తారనో, ఊళ్ళో పెద్దమనుషులు అడుగుతారనో రెండో ఓటును దాచిపెట్టుకునే అలవాటు మన వైపు బాగా ఉంది. అది మర్యాద విషయంగా మారిపోవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

అలా రెండు ఉన్నవారు తాము మామూలుగా నివసించని చోటి పేరును ఫారం-7 ద్వారా తామే తీయించుకోవాలి. ఫారం-7 అవసరమయ్యే సందర్భాల్లో ఇదొకటి. ఓటు మార్చుకుంటే పొలం మీద హక్కు పోతుందన్న భయం కొందరు పెద్దవాళ్ళలో ఉంది. భూమి హక్కుకూ ఓటరు జాబితాకూ చట్టపరమైన సంబంధం ఏదీ లేదు. రేషను, పింఛను వంటి పథకాలకు వేటికవే సొంత నిబంధనలు ఉంటాయి. వాటిని ఓటుతో ముడిపెట్టి చూడవద్దు.

మీరు లేనప్పుడు మీ పేరు తీసేస్తే

ఊరి నుంచి వెళ్ళిపోయారన్న కారణంతో మీ పేరు తీయాలని అదే నియోజకవర్గంలోని మరో ఓటరు ఫారం-7 పెట్టవచ్చు. 2019, 2024 ఎన్నికలకు ముందు మన రాష్ట్రంలో ఈ దరఖాస్తులు గుంపులుగా రావడం పెద్ద వివాదమైంది. కానీ ఒకరు అడిగినంత మాత్రాన పేరు తీసేయడానికి వీల్లేదు. సాధారణ నివాసి కాకుండా పోయారన్న కారణంతో పేరు తొలగించే ముందు, ఆ వ్యక్తి తన మాట చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వాలని 1950 చట్టంలోని 22వ సెక్షన్ అధికారిని ఆదేశిస్తుంది. చిక్కేమిటంటే, ఆ నోటీసు తాళం వేసి ఉన్న ఇంటి తలుపుకే వస్తుంది. పనుల మీద దూరంగా ఉండేవారు నోటీసు వస్తే ఫోటో తీసి పంపమని పక్కింటివారికి చెప్పి ఉంచాలి, మూడు నెలలకోసారైనా పోర్టల్‌లో తమ పేరు ఉందో లేదో చూసుకోవాలి.

పేరు తీసేసినట్లు తెలిస్తే, ఆ నిర్ణయం మీద 15 రోజుల్లోగా జిల్లా కలెక్టరుకు, అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటిపోయి ఏ జాబితాలోనూ పేరు లేకుండా మిగిలినవారు ఫారం-6 పెట్టుకుని మళ్ళీ చేరవచ్చు. తమిళనాడులో స్థిరపడ్డ మనవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2025 అక్టోబరు 27న ఎన్నికల సంఘం ప్రకటించిన ప్రత్యేక సమగ్ర సవరణ (ఓటరు జాబితా మొత్తాన్ని ఇంటింటికీ తిరిగి సరిచూసే పని) రెండో విడతలో ఆ రాష్ట్రం ఉంది కనుక, చెన్నైలో తమ పేరు నిలిచిందో లేదో ఒకసారి చూసుకోవడం అవసరం.

విదేశాలకు వెళ్ళినవారు

కువైట్‌కో అమెరికాకో ఉద్యోగానికీ చదువుకీ వెళ్ళినవారికి 2011 ఫిబ్రవరి నుంచి 20ఏ సెక్షన్ కింద ప్రత్యేక ఏర్పాటు ఉంది. వేరే దేశపు పౌరసత్వం తీసుకోకుండా భారత పాస్‌పోర్టుతోనే ఉన్నవారు ఫారం-6ఏ నింపి, పాస్‌పోర్టులో రాసి ఉన్న స్వదేశపు చిరునామా ఏ నియోజకవర్గంలో ఉందో అక్కడ ప్రవాస ఓటరుగా చేరవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నా భారత పౌరులే కనుక వారికీ అర్హత ఉంది. అమెరికా పౌరసత్వం పుచ్చుకుని, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు మీద వచ్చిపోయేవారికి ఓటు లేదు. ప్రవాస ఓటరుకు ఓటరు కార్డు ఇవ్వరు; పాత కార్డు ఉంటే తిరిగి ఇచ్చేయాలి. పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా కేంద్రానికి రావాలి. తరఫున మరొకరు ఓటు వేసే వీలు కల్పించే బిల్లు 2018లో లోక్‌సభలో నెగ్గినా, 2019లో ఆ సభ కాలం ముగియడంతో చట్టం కాకుండానే పోయింది. విమానం టిక్కెట్టు పెట్టుకుని రాగలిగినవారికే ఆ హక్కు ఉపయోగపడుతోందన్నది కాదనలేని సంగతి. శాశ్వతంగా తిరిగి వచ్చినవారు తాము ఉంటున్న చోట ఫారం-6తో మామూలు ఓటరుగా చేరాలి.

సైన్యంలోనూ కేంద్ర సాయుధ బలగాల్లోనూ పనిచేసేవారు, రాష్ట్రం బయట విధుల్లో ఉన్న సాయుధ పోలీసులు సొంత ఊళ్ళోనే సర్వీసు ఓటరుగా నమోదై, తపాలా ఓటు వేయవచ్చు. వెంట ఉండే జీవిత భాగస్వామికీ ఆ వీలు ఉంది. ఈ దరఖాస్తులు వారి రికార్డు కార్యాలయాల ద్వారా వెళ్తాయి.

జిల్లా మారితే ఓటు మారదు

2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు వచ్చింది. గూడూరు, సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్ళాయి. అప్పుడు ఓటరు కార్డులు మార్పించుకోవాలా అని ఎందరో అడిగారు. అక్కరలేదు. శాసనసభ, లోక్‌సభ నియోజకవర్గాల హద్దులు 2008 పునర్విభజన ఉత్తర్వు ప్రకారం ఉంటాయి, జిల్లా హద్దు మారినంత మాత్రాన అవి కదలవు. కందుకూరు అంతకుముందు నుంచే నెల్లూరు లోక్‌సభ స్థానంలో ఉంది. నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి తిరుపతి లోక్‌సభ కిందికీ, ప్రకాశం జిల్లాలోని సంతనూతలపాడు బాపట్ల లోక్‌సభ కిందికీ వస్తాయి. జిల్లా పేరు మారిందని ఫారం-8 పెట్టడం వృథా శ్రమ.

పంచాయతీ ఎన్నికల జాబితాను శాసనసభ జాబితా ఆధారంగానే తయారు చేస్తారు. అంటే ఓటును హైదరాబాదుకు మార్చుకున్న వ్యక్తి ఊళ్ళో సర్పంచి ఎన్నికలో ఓటు వేయలేడు, పోటీ కూడా చేయలేడు. శాసనసభకు పోటీ చేయాలన్నా ఆ రాష్ట్రంలో ఎక్కడో ఒక చోట ఓటరై ఉండాలి. రాజకీయాల మీద ఆశ ఉన్నవారు ఓటు మార్చే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాల పట్టభద్రుల శాసనమండలి స్థానానికైతే ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారవుతుంది; అందులో ఫారం-18తో ప్రతిసారీ విడిగా చేరాల్సిందే.

పోలింగ్ నాటికి ఓటు ఇంకా ఊళ్ళోనే ఉన్నవారు స్వయంగా రావడం తప్ప మరో మార్గం లేదు. వలస వెళ్ళినవారు ఉన్న చోటు నుంచే ఓటు వేసేందుకు తయారైన యంత్రం నమూనాను ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది గానీ, అది వాడుకలోకి రాలేదు. 85 ఏళ్ళు దాటినవారికీ, 40 శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యం ఉన్నవారికీ ఇచ్చే ఇంటి దగ్గర ఓటు వలస కార్మికులకు వర్తించదు. ఓటు హక్కు ఉన్న ప్రతి ఉద్యోగికీ పోలింగ్ రోజున జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని 1951 చట్టంలోని 135బీ సెక్షన్ చెబుతుంది. ఇవ్వని యజమానికి 500 రూపాయల వరకు జరిమానా. ఆ మొత్తం చూసి నవ్వు రావచ్చు గానీ, సెలవు అడిగేటప్పుడు ఆ సెక్షన్ నంబరు చెప్పగలిగితే పని జరుగుతుంది.

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లోనో బస్సులోనో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాక, పోలింగ్ కేంద్రంలో మీ పేరు ఎదుట "వలస వెళ్ళారు" అన్న గుర్తు ఉందని చెబితే వెనుదిరిగి వెళ్ళిపోవద్దు. ఊళ్ళో లేనివారు, వెళ్ళిపోయినవారు, చనిపోయినవారు అంటూ ఒక జాబితాను పోలింగ్ అధికారి దగ్గర ఉంచుతారు. అందులో పేరు ఉన్నంత మాత్రాన ఓటు పోదు. అసలు ఓటరు జాబితాలో పేరు ఉంటే చాలు, గుర్తింపు పత్రం చూపించి, ప్రకటన మీద సంతకం చేసి, వేలిముద్ర వేసి ఓటు వేయవచ్చు. వెంట ఓటరు కార్డో ఆధార్ కార్డో అసలుది ఉండేలా బయలుదేరేటప్పుడే చూసుకోవాలి.